ప్లగ్గు తీయొద్దు

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది. చేతులు ఇంకా కుట్టుమిషన్ ఆయిల్ వాసన కొడుతున్నాయి.

నిన్న సాయంత్రం విశాఖ ద్వారకానగర్‌లో నాన్న కోసం ఓ పాత లాప్‌టాప్ కొన్నాను. మూడో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, ఎనిమిదిన్నర వేలు. "బ్యాటరీ ఒక్కటే పేరుకి మేడమ్, ఛార్జర్ పెట్టి వాడుకోండి, మిగతాదంతా సూపర్" అన్నాడు కొట్టబ్బాయి. కొట్లో నిజంగానే సూపర్‌గా నడిచింది. అందులో ఉన్నది విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్ ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. ఈ ముసలిదానికి ఆ యోగం లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేద్దామనుకున్నా. నాన్నకి కావాల్సిందల్లా అసోసియేషన్ మీటింగుల మినిట్స్ తెలుగులో కొట్టుకోవడం.

ఆఫీసు లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. దాంతో డౌన్‌లోడ్ కూడా ఈ పాతదాంట్లోనే చేయాలి. పొద్దున్నే వైఫై కలిపి కూర్చున్నా. ఏ సైటూ తెరుచుకోదు. ఏది నొక్కినా కనెక్షన్ సురక్షితం కాదని ఎర్ర గుర్తు. రౌటర్ ఆపి వేశాను, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను, వేరే బ్రౌజర్ చూశాను. వైరస్ ఉందేమోనని ఒక టెన్షన్. గంట పోయింది. టిఫిన్ చల్లారిపోయింది.

నాన్న వెనకాల నిలబడి పేపర్ చదువుకుంటున్నాడు. కళ్లజోడు ముక్కు మీదకి జార్చి స్క్రీన్ మూలకి చూశాడు.

"ఇదేటమ్మా, 2013 జనవరి అని చూపిస్తంది?"

పేరుకి ఐటీలో పన్నెండేళ్లు చేశాను. నాకు కనబడలేదు.

సంగతేంటంటే, సైట్ల సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది. లాప్‌టాప్ 2013లో ఉంటే దాని లెక్కలో ఇవాళ్టి సర్టిఫికెట్లేవీ ఇంకా పుట్టలేదు. పుట్టని బిడ్డకి ఆధార్ కార్డు చూపిస్తే ఎవరు నమ్ముతారు? తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకున్నాయి. మింట్ దించి, రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసరికి మధ్యాహ్నం భోజనాల వేళైంది.

తర్వాత హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. వెనక మూతకి తొమ్మిది స్క్రూలు. ఏడు మాట విన్నాయి. మిగతా రెండూ తుప్పు పట్టి అతుక్కుపోయాయి; ఇది కూడా మాలాగే ఏ సముద్రం ఒడ్డు ఇంట్లోనో ఉప్పుగాలి తిన్నట్టుంది. నేను బలం పెడుతుంటే నాన్న చేయి పట్టుకుని ఆపాడు. షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు ఇనుముతోనే బతికిన మనిషి. అమ్మ కుట్టుమిషన్ ఆయిల్ తెచ్చి, పుల్లతో ఒక్కో స్క్రూ మీద ఒక్కో చుక్క వేసి పావుగంట ఆగమన్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ పెట్టి విప్పే వైపు కాదు, బిగించే వైపు ఒక్క పిసరు తిప్పాడు. చిన్న 'టిక్'. అప్పుడు వెనక్కి తిప్పితే వెన్నలో దిగినట్టు వచ్చేసింది. "ముందు పట్టు విడిపించాల, తర్వాతే మరను తిప్పడం" అంటూ రెండోది కూడా లాగేశాడు.

మూత తీస్తే లోపల నల్ల ప్లాస్టిక్ తొడుగులో బిళ్ల సెల్లు, దానికి ఎరుపూ నలుపూ రెండు వైర్లు. గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చింది, బ్యాటరీ ఎలాగూ లేదు. ఛార్జర్ పీకిన ప్రతిసారీ బండి 2013కి పోతోంది. కొట్లో ప్లగ్గులోనే ఉంచి చూపించాడు కాబట్టి బయటపడలేదు. సందు చివర కొట్లో 2032 సెల్లు ఉంది కానీ వైర్లది లేదు. లిథియం సెల్లు మీద టంకం పెట్టనివ్వలేదు నాన్న, వేడికి పేలుతుందట. వైర్లదే ఆర్డర్ పెట్టాను.

సాయంత్రం ఇన్‌స్టాల్ మొదలైంది. మింట్ వెర్షన్లకి ఆడపిల్లల పేర్లు పెడతారని, 22కి విల్మా అని పెట్టారని చెబితే నాన్నకి భలే నచ్చింది. "మా యార్డులో కట్టిన మొదటి ఓడ కూడా ఆడపిల్లే. జల ఉష. 1948లో నెహ్రూ వచ్చి నీళ్లలోకి దింపేడు" అన్నాడు. ఆ కథ నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. అయినా ఊఁ కొట్టాను. ఆ సందడిలో గీత డెబ్బై శాతం దాటింది, ఆ వెంటనే స్క్రీన్ నల్లబడింది.

వంటింట్లోంచి గ్రైండర్ చప్పుడు.

"ఆ ప్లగ్గు నాదే కదా, రేపు పొద్దున్న దోసెలకి పిండొద్దా?" అంది అమ్మ. తప్పు ఎవరిదని వాదించే ఓపిక లేక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి నాన్న అట్టముక్క కత్తిరించి, 'పని జరుగుచున్నది, స్విచ్ ముట్టరాదు' అని మార్కర్‌తో రాసి, పురికొసతో బోర్డుకి వేలాడదీశాడు. యార్డు అలవాటు.

తొమ్మిదింటికల్లా అయిపోయింది. తెలుగు కీబోర్డు కలిపి ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక చూపించాను. కుడి చేతికి హల్లులు, ఎడమ చేతికి గుణింతాలు. 'క' మీటనే షిఫ్ట్‌తో నొక్కితే 'ఖ' వస్తుంది. "అంటే ఒత్తి నొక్కితే ఒత్తు అక్షరం!" అని నవ్వాడు. చూపుడువేలు ఒక్కదాంతో 'విశాఖ' అని కొట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత 'పట్నం' కోసం ట వత్తు వెతుకుతూ కూర్చున్నాడు. అందులో ఉన్నది న వత్తు అని నేను చెప్పలేదు.

సెల్లు వచ్చేదాకా అట్ట తీయొద్దట. మిగిలిన పప్పు తెల్లారి నా గదిలో రుబ్బుతానంది అమ్మ.