ఒత్తిగిలి పడుకోవడానికి

నాకు పార్కిన్సన్స్ వ్యాధి ఉందని డాక్టరు చెప్పిన రోజున నా భయమంతా కుడిచేతి వణుకు గురించే. పక్క మీద ఒత్తిగిలడం కూడా ఒకనాడు నాకు చేతకాకుండా పోతుందని అప్పుడు తట్టలేదు. మూడేళ్లు గడిచేసరికి పగటి పూట వణుకును మందులు చాలావరకు అదుపులో పెట్టాయి కాని, రాత్రి పది గంటలకు వెల్లకిలా పడుకున్నదాన్ని రెండింటికి మెలకువ వచ్చేసరికి అలాగే ఉండేదాన్ని. నడుము కింద మంట పుట్టేది. ఎడమవైపు తిరగాలని ఎంత ప్రయత్నించినా భుజాలు, తుంటి కొయ్యబారి కదిలేవి కావు. పక్కనే నిద్రపోతున్న మా వారిని లేపడానికి మనసొప్పక చాలా రాత్రులు అలాగే తెల్లవార్చాను.

నా అవస్థ చూడలేక మా అమ్మాయి మెత్తటి మెమరీ ఫోమ్ పరుపు కొనిచ్చింది. దాని మీద మొదటి గంట ఎంతో హాయిగా గడిచింది. అర్ధరాత్రి అయ్యేసరికి ఒంటి బరువుకు పరుపు లోపలికి దిగి, నా ఆకారంలోనే ఒక గుంట ఏర్పడింది. తిరగాలంటే ముందు ఆ గుంటలోంచి పైకి రావాలి. ఆ బలమే నాలో లేదు. పరుపు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని అందరిలాగే నేనూ అనుకున్నాను. ఈ జబ్బులో నాకు కావలసింది ఒంటిని లోపలికి దిగనివ్వకుండా కాస్త గట్టిగా ఉండే పరుపు అని రెండు వారాల తర్వాత గాని అర్థం కాలేదు.

ఆ సంగతి స్పష్టం చేసింది మా ఫిజియోథెరపిస్టు. ఆరోగ్యవంతులు నిద్రలో ఆలోచించకుండానే ఒత్తిగిలుతారు. మెదడులో కదలికలకు తోడ్పడే డోపమైన్ అనే రసాయనం తగ్గినప్పుడు అలా వాటంతట అవే జరిగిపోయే కదలికలే ముందుగా దెబ్బతింటాయి కాబట్టి, వాటిని విడదీసి ఒక్కొక్కటిగా చేయాలని ఆమె చెప్పింది. "ఒంటినంతా ఒకేసారి తిప్పాలని చూడకండమ్మా. ముందు మోకాళ్లు మడిచి పాదాలు పరుపుకు ఆనించండి. తల అటు తిప్పండి, చెయ్యి అటు చాచండి, తర్వాత మోకాళ్లను అటు వాలనివ్వండి. నడుము వాటి వెంట వస్తుంది" అంటూ నా చేత పదిసార్లు చేయించింది. పదకొండోసారి ఆమె చెయ్యి వేయకుండానే తిరిగాను. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది.

పరుపు మీద పరిచే దుప్పటి విషయం కూడా ఆమే గమనించింది. నూలు దుప్పటి మీద నూలు నైటీ రాసుకుని పట్టేస్తోంది. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా దుప్పటి మధ్యలో శాటిన్ గుడ్డ అడ్డంగా కుట్టించుకున్నాను. పాదాల దగ్గర మాత్రం నూలే ఉండాలి, ఎందుకంటే అక్కడ కూడా జారితే మడమలకు పట్టు దొరకదు. మంచం అంచున కూడా నునుపు ఉండకూడదు, లేచి కూర్చునేటప్పుడు జారిపడే ప్రమాదం ఉంది. పాత మంచం మీద కూర్చుంటే నా కాళ్లు గాలిలో వేలాడేవి. ఇప్పుడు అరికాళ్లు నేలకు పూర్తిగా ఆనేలా ఎత్తు తగ్గించాం.

పడకను ఎంత సరిచేసినా మందు ప్రభావం తగ్గిపోతే ఒళ్లు మళ్లీ బిగుసుకుంటుంది. ఏ గంటకు మెలకువ వచ్చిందో, ఎప్పుడు కాలివేళ్లు కొంకర్లు పోయాయో రెండు వారాలు నోటుపుస్తకంలో రాసి న్యూరాలజిస్టుకు చూపించాను. సాయంత్రం వేసుకున్న లెవోడోపా (మెదడులో డోపమైన్ లోటు తీర్చే మందు) ప్రభావం అర్ధరాత్రికే అయిపోతోందని గ్రహించి, ఆయన పడుకునే ముందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర చేర్చారు. తెల్లవారుజామున పాదాలు మెలితిరగడం దానితో బాగా తగ్గింది.

నోటుపుస్తకం చూపించిన రోజునే మా వారు డాక్టరుకు ఇంకో సంగతి చెప్పారు. వణుకు మొదలవడానికి చాలా ఏళ్ల ముందు నుంచే నేను నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసిరేదాన్నట. కలలు వచ్చే నిద్రలో కండరాలు మామూలుగా కదలకుండా ఉంటాయని, ఆ కట్టడి తప్పినప్పుడు మనిషి కలలో చేసేది ఒంటితోనూ చేస్తాడని డాక్టరు వివరించారు. ఈ స్థితిని 1986లో షెంక్, మహోవాల్డ్ అనే వైద్యులు ప్రత్యేకమైన రుగ్మతగా వర్ణించారు. ఇది ఉన్నవారిలో చాలామందికి తర్వాత పార్కిన్సన్స్ వస్తుందట. ఎన్నో ఏళ్లు పీడకలలని కొట్టిపారేసిన సంగతి ఇదా అని మేమిద్దరం చాలాసేపు మౌనంగా కూర్చున్నాం. ఇంటికి రాగానే మంచం పక్కనున్న గాజు బల్లను తీసేసి, కింద ఒక పలుచటి పరుపు వేశాం. డాక్టరు నిద్రకు సంబంధించిన మెలటోనిన్ అనే మందు రాశారు.

ఈ వ్యాధిని 1817లో వర్ణించిన జేమ్స్ పార్కిన్సన్ కూడా రోగులకు నిద్ర చెడుతుందని, వణుకే వారిని మేల్కొలుపుతుందని రాశాడు. అది చదివినప్పుడు నా రాత్రుల గురించి ఎవరో ముందే తెలుసుకున్నట్టు అనిపించి ఊరట కలిగింది.

ఇప్పటికీ వారంలో ఒకటి రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టదు. బరువైన రగ్గు కప్పుకుంటే కాళ్లు దాని కింద చిక్కుకుంటాయి కనుక, చలికాలంలోనూ తేలికపాటి దుప్పట్లే కప్పుకుంటున్నాను. మొన్న రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. మోకాళ్లు మడిచి, తల తిప్పి, చెయ్యి చాచి, మోకాళ్లను వాల్చాను. శాటిన్ మీద నడుము మెల్లగా జారి ఎడమవైపుకు వచ్చింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఆరు దాటింది.