పాలరాయి ఆగినచోట: బీబీ కా మఖ్బరా

హైదరాబాదులో రాత్రి రైలెక్కి, తెల్లవారాక ఔరంగాబాదులో దిగాను. 2023లో ఊరి పేరు ఛత్రపతి సంభాజీనగర్‌గా మారింది. తోటి ప్రయాణికులు ఎల్లోరా దారి పట్టగా, నేను మాత్రం ముందు బీబీ కా మఖ్బరా అనే మొగలుల కాలపు సమాధి మందిరానికి వెళ్ళాను.

ప్రవేశద్వారానికున్న ఇత్తడి తాపడపు తలుపు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. రూపకర్త అతావుల్లా, ఇంజనీరు హంస్‌పత్ రాయ్‌ల పేర్లు చెక్కింది దానిమీదే. అతావుల్లా తాజ్‌మహల్ వాస్తుశిల్పి ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కొడుకు. తాజ్ ముంతాజ్‌ది, ఇది ఆమె కోడలు, ఔరంగజేబు భార్య దిల్‌రస్ బాను బేగంది. అంటే తండ్రి అత్తగారికీ కొడుకు కోడలికీ సమాధులు కట్టారన్నమాట. కాన్పు తర్వాత జబ్బుపడి 1657లో దిల్‌రస్ ఈ ఊళ్ళోనే కన్నుమూసింది. కొడుకు ఆజం షా తల్లి కోసం దీన్ని కట్టించాడని గైడ్లు చెబుతారు గానీ, 1661లో పూర్తయిందనే కట్టడాన్ని 1653లో పుట్టిన పిల్లవాడు కట్టించాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఖర్చు 6,68,203 రూపాయల 7 అణాలని గులాం ముస్తఫా రాసిన చరిత్ర గ్రంథం తారీఖ్‌నామా లెక్క చెబుతుంది. సూరత్ నుంచి గోల్కొండకు వెళుతూ ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ దారిలో దాదాపు 300 పాలరాతి బండ్లను చూశాడట. వాటిలో అన్నిటికన్నా చిన్నదానికే 12 ఎద్దులు కట్టారట. అంత రాయి తెచ్చినా గోడల అడుగుభాగానికీ పైన గుమ్మటానికీ మాత్రమే సరిపోయింది. మధ్యదంతా నల్లరాతి కట్టుబడి, దానిమీద సున్నపు గచ్చు.

లోపల సమాధి మన కాళ్ళకింది అంతస్తులో ఉంటుంది. పిట్టగోడ మీదుగా తొంగిచూస్తే, ఎనిమిది పలకల పాలరాతి జాలీ నడుమ, గుడ్డ కప్పిన సమాధి మీద జనం విసిరిన నాణేలూ నోట్లూ కనిపించాయి. పడమటివైపు మసీదు తర్వాతి కాలంలో నిజాం కట్టించినది. ఈ ప్రాంతం 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోదే కదా.

బయటికొచ్చి, పాలరాయి ఆగి గచ్చు మొదలయ్యే గీత వెంబడి గోడ చుట్టూ నడిచాను. నీడపట్టున రాయి చల్లగా నున్నగా ఉంది. దానిపైన గచ్చు కాస్త పసుపు తిరిగి, వాన చారికలతో, అక్కడక్కడ పెచ్చులూడి కనిపించింది. దీన్ని చూసే ‘పేదవాడి తాజ్’ అని వెక్కిరిస్తారు. తాజ్‌తో పోలిస్తే మీనార్లు గుమ్మటానికి మరీ దగ్గరగా, ఇరుకుగా నిలబడ్డాయన్నది నిజమే. కానీ చార్మినారునూ కుతుబ్‌షాహీ సమాధులనూ చూస్తూ పెరిగిన నాకు గచ్చంటే చులకన లేదు. తోరణాల మూలల్లో తడి సున్నం మీద తీర్చిన తీగల్లో ఆకు అంచు మడత కూడా ఇప్పటికీ తెలుస్తోంది. దక్కను మేస్త్రీలకు బాగా అలవాటైన పని ఇది. ఫొటోల కోసం జనమంతా కొలను దగ్గర గుమిగూడడంతో, ఆ మూల నేనొక్కడినే మిగిలాను.