శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర ఫెర్టి

ఆబిడ్స్‌లో ఆదివారం షాపులు మూసేసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, 2001లో అక్కడే కొన్నా దాన్ని. రాక్స్ వాళ్ల పుస్తకం. ఆ రోజుల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు, ఎర్ర అట్ట, దాని మీద రాసినవాళ్ల ఫొటోలు, లోపల ఇటుకంత మందం. భయ్యా 350 అన్నాడు, నేను 150 అన్నా, నాలుగడుగులు వేసి వెళ్లిపోతున్నట్టు నటించా, వెనక్కి పిలిచి 220కి ఇచ్చాడు. (తర్వాత 2003లో ఆ ప్రచురణ సంస్థే దివాలా తీసింది, రాక్స్ పేరు వైలీ వాళ్ల చేతికి పోయింది. నా బేరం వల్ల కాదులెండి.)

విజువల్ బేసిక్‌లో (వీబీ, మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రోగ్రామింగ్ భాష) పెద్ద పెద్ద బిజినెస్ అప్లికేషన్లని ముక్కలు ముక్కలుగా, అంటే కాంపోనెంట్లుగా విడగొట్టి, ఆ ముక్కల్ని వేరే వేరే మెషీన్ల మీద పెట్టి ఎలా నడపాలో చెప్పే పుస్తకం అది. నేనేమో అమీర్‌పేటలో సత్యం థియేటర్ సందులో వీబీ 6, ఒరాకిల్ కోర్సు పూర్తి చేసి, డాట్‌కామ్ బుడగ పేలిపోయి హైదరాబాద్‌లో ఫ్రెషర్‌ని పలకరించే దిక్కులేక, గుంటూరులో నలుగురు పనిచేసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ షాపులో చేరా. చేరిన నెలకే ఒక ఎరువుల డీలరు గారి పని తగిలింది. ఊళ్లో షాపు, ఊరి బయట గోడౌను, రెండూ కలిపి 11 కంప్యూటర్లు, చుట్టుపక్కల మండలాల్లో చిన్న చిన్న షాపులకి అప్పు మీద యూరియా, డీఏపీ ఇస్తారు, ఎవరు ఎంత బాకీ, ఎవరికి ఇంకా ఎంతవరకు అప్పు ఇవ్వొచ్చు, ఇదీ మొత్తం వ్యవహారం.

అప్పటికే వాళ్ల దగ్గర ఒక పాత ప్రోగ్రాం ఉంది, ఎవరో రాసి వెళ్లిపోయారు. తెరిచి చూస్తే సేవ్ బటన్ కింద 500 లైన్లు. పన్ను లెక్క అందులోనే, బాకీ చూడటం అందులోనే, డేటాబేస్‌లో రాయడం అందులోనే, మళ్లీ అదే పన్ను లెక్క ఇంకో రెండు ఫారాల్లో కాపీ కొట్టి ఉంది, ఒకదాంట్లో రౌండింగు వేరు. అంటే బిల్లు ఏ స్క్రీన్ నుంచి కొడితే దాన్నిబట్టి పది పైసలు తేడా.

ఇలాంటి చోటే పుస్తకం దేవుడిలా కనిపిస్తుంది. స్క్రీన్ వేరు, బిజినెస్ రూల్స్ వేరు, డేటా వేరు అని మూడు అరలు చేసి చెప్పాడు. కస్టమర్ అనేది ఒక ఆబ్జెక్ట్ (వివరాలూ, వాటితో చేసే పనులూ కలిసి ఉన్న ముక్క), దాని అప్పు పరిమితి దానికే తెలుసు, బిల్లు వేసేవాడు అడిగితే ఇవ్వొచ్చో లేదో అదే చెప్తుంది, స్క్రీన్‌కి ఆ గొడవ అక్కర్లేదు. ఈ నడిమి అర మొత్తాన్ని సర్వర్ మీద కామ్ ప్లస్‌లో (అలాంటి ముక్కల్ని సర్వర్‌లో నడిపే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) పెట్టి డీకామ్ (ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌లో ఉన్న ముక్కని పిలిచే పద్ధతి) ద్వారా పిలిస్తే చాలు, వేరే మెషీన్‌లో ఉన్నా మన పక్కనే ఉన్నట్టు పనిచేస్తుంది. చదువుతుంటే ఒళ్లు పులకరించింది నిజంగా. "పక్కనే ఉన్నట్టు" అన్న ఆ ఒక్క మాట పట్టుకుని మూడు నెలలు కోడ్ రాశా.

నా చదివే పద్ధతి ఇక్కడ చెప్పుకోవాలి, సిగ్గు లేకుండా. బూడిద రంగు గళ్లలో ఉన్న కోడ్ మాత్రం అక్షరం పొల్లుపోకుండా టైప్ చేసేవాణ్ణి, రెండు కోడ్ ముక్కల మధ్య ఉన్న పేరాలు మాత్రం రైల్లోంచి స్టేషన్లు చూసినట్టు చూసి వదిలేసేవాణ్ణి. అమీర్‌పేట నోట్సుకి అలవాటైన ప్రాణం, కోడ్ ఉంటేనే విషయం ఉన్నట్టు లెక్క.

సరే, నా మెషీన్ మీద అన్నీ గాలిలా నడిచాయి. తీసుకెళ్లి పెట్టా. షాపులో కస్టమర్ల లిస్టు తెరిస్తే తొమ్మిది పది సెకన్లు. పర్లేదులే, సర్వర్ కొత్త కదా అనుకున్నా (ఇప్పటికీ ఆ వాక్యానికి అర్థం ఏంటో నాకు తెలీదు). అసలు కథ గోడౌన్‌లో. అక్కడి నుంచి ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో షాపు సర్వర్‌కి కనెక్ట్ అవుతారు. అక్కడి గుమాస్తా గారు లిస్టు బటన్ నొక్కి, బయటికెళ్లి, టీ తాగి, రోడ్డు మీద ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి వచ్చినా ఇంకా ఇసక గడియారం బొమ్మే తిరుగుతోంది. ఆరు నిమిషాలు. ఓనరు గారు ఫోన్ చేసి అరవలేదు, అరిచినా బాగుండేది, "ఏం బాబూ, మా గుమాస్తా సైకిల్ మీద వచ్చి లెడ్జరు చూసుకుని వెళ్తే ఇంతకంటే ముందే అయిపోద్దేమో" అన్నారు మెల్లిగా. "చూస్తానండి" అని పెట్టేశా.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశా. 300 మంది కస్టమర్లు. ఒక్కొక్కరికి స్క్రీన్ మీద చూపించేవి ఆరు, ఐడీ, కోడ్, పేరు, ఊరు, లిమిట్, బాకీ. నేను రాసిన లూప్‌లో కస్టమర్ డాట్ నేమ్, కస్టమర్ డాట్ టౌన్ అని ఒక్కోటి అడుగుతున్నా. ఆబ్జెక్ట్ నా మెషీన్‌లోనే ఉన్నప్పుడు అది మెమరీలో ఒక చోటు చూడటం అంతే. అదే ఆబ్జెక్ట్ సర్వర్‌లో ఉంటే, ఆ చుక్క పెట్టిన ప్రతిసారీ ఒక మనిషి గోడౌన్ నుంచి షాపుకెళ్లి ఒక్క మాట కనుక్కుని తిరిగి రావాలి. 300 ఇంటూ 6, 1800 సార్లు. మోడెమ్ మీద రానూపోనూ సెకనులో అయిదో వంతు అనుకున్నా 360 సెకన్లు. ఆరు నిమిషాలు! లెక్క అంత కచ్చితంగా కుదిరేసరికి నవ్వాలో ఏడవాలో తెలీలా. పెళ్లి సరుకులకి చీటీ రాసి పంపకుండా, పసుపు కొనుక్కురా, వచ్చాక కుంకుమ కొనుక్కురా అని ఒక్కో వస్తువుకి కుర్రాణ్ణి బజారుకి తిప్పడం లాంటిది నేను చేసింది.

అప్పుడు పుస్తకం మళ్లీ తీశా, ఈసారి కోడ్ వదిలేసి మధ్య పేరాలు చదివా. ఉంది. శుభ్రంగా రాసి ఉంది, నెట్‌వర్క్ దాటే ప్రతి కాల్ ఖరీదైంది, ఆబ్జెక్ట్ లోపలున్న విలువలన్నీ ఒకే మూటగా కట్టి ఒకే ట్రిప్పులో పంపమని. దానికి పక్కనే కోడ్ లేదు, ఆ కోడ్ రెండు ఛాప్టర్ల తర్వాత ఉంది, అందుకని నేను దాటేశా. తప్పు పుస్తకానిది కాదు. ఆ మాటకొస్తే 1994లోనే సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు ఒక పేపర్లో మొత్తుకున్నారు, దూరంగా ఉన్న ఆబ్జెక్ట్‌ని పక్కనున్నదానిలాగే చూడొచ్చు అనుకోవడమే పొరపాటు, ఆలస్యం వేరు, మెమరీ సంగతి వేరు, సగం పని అయ్యి సగం ఆగిపోవడం వేరు, ఒకేసారి నలుగురు పిలవడం వేరు అని. గుంటూరులో ఉన్న నాకు ఆ పేపర్ గురించి చెప్పేవాళ్లెవరు.

మూట కట్టే పద్ధతి వీబీలో భలే తమాషాగా ఉండేది. ఒక యూజర్ డిఫైన్డ్ టైప్ (ఏ గడి ఎంతో మనమే చెప్పి కట్టుకునే డబ్బా) పెడతాం, అందులో ఐడీ, 8 అక్షరాల కోడ్, 30 అక్షరాల పేరు, 20 అక్షరాల ఊరు, లిమిట్, బాకీ. అంతే సైజులో ఇంకో టైప్, దాంట్లో ఒకే ఒక్క స్ట్రింగ్. ఎల్‌సెట్ అనే మాట ఒకటి ఉంది, దాంతో మొదటిదాన్ని రెండోదాని మీదకి బైట్లకి బైట్లు కాపీ చేసేస్తాం. వీబీ లోపల అక్షరానికి రెండు బైట్లు కాబట్టి మొత్తం 136 బైట్లు అంటే 68 అక్షరాల స్ట్రింగ్. 300 మందివీ అతికిస్తే 40 వేల చిల్లర బైట్లు, ఒకే కాల్. గోడౌన్‌లో ఆరు నిమిషాల లిస్టు పది పన్నెండు సెకన్లకి వచ్చింది. గుమాస్తా గారికి టీ పోయింది పాపం.

అప్పుడు నా రూమ్మేట్ ఒకడు జావాలో ఈజేబీ (మన కామ్ ప్లస్ లాంటిదే, జావా వాళ్లది) నేర్చుకుంటూ ఉండేవాడు, రోజూ రాత్రి నాది గొప్ప నీది గొప్ప అని గొడవ. వాడి ఎంటిటీ బీన్లకీ, అంటే డేటాబేస్‌లోని వివరాల్ని పట్టుకునే ఆబ్జెక్ట్‌లకీ, అచ్చం ఇదే జబ్బు. ఇదే మూటని వాళ్లు వాల్యూ ఆబ్జెక్ట్ అని పెద్ద పేరు పెట్టి పిలిచేవాళ్లు, "నీది బైట్ల కక్కుర్తి, మాది ప్యాటర్న్" అని వాడి వెక్కిరింపు. 2001లో వచ్చిన ఈజేబీ 2.0లో ఒకే సర్వర్‌లో ఉన్న బీన్లు నెట్‌వర్క్ తంతు లేకుండా మాట్లాడుకోవడానికి లోకల్ ఇంటర్‌ఫేస్ అని కొత్తగా పెట్టారు. ఆ సంగతి దొరికాక నెలరోజులు వాడికి నిద్ర లేకుండా చేశా. 2002లో సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద పుస్తకాలు రాసే మార్టిన్ ఫౌలర్ అయితే డిస్ట్రిబ్యూటెడ్ ఆబ్జెక్ట్ డిజైన్‌కి మొదటి సూత్రం ఇదే అని తేల్చేశాడు, ఆబ్జెక్ట్‌లని వేరే వేరే మెషీన్ల మీదకి డిస్ట్రిబ్యూట్ చెయ్యకండి అని. ఇద్దరం నోరు మూసుకున్నాం.

పుస్తకంలో చదివినా ఒంటికి దెబ్బ తగిలితే గానీ ఎక్కనివి ఇంకో రెండు. కామ్ ప్లస్‌లో సెట్‌కంప్లీట్ (నా పని అయిపోయింది అని చెప్పే పిలుపు) అనగానే ఆబ్జెక్ట్‌లో మనం దాచుకున్నవన్నీ పోతాయి, ఆబ్జెక్ట్ చచ్చి మళ్లీ పుడుతుంది, మన చేతిలో రిఫరెన్స్ మాత్రం అలాగే ఉంటుంది. కస్టమర్ ఐడీ పెట్టి ఒక మెథడ్ పిలిస్తే పనిచేస్తుంది, వెంటనే రెండోది పిలిస్తే ఐడీ సున్నా. రెండు రోజులు మెషీన్‌కి దయ్యం పట్టిందనుకున్నా. రెండోది బైనరీ కంపాటిబిలిటీ, అంటే మళ్లీ కంపైల్ చేసినా కాంపోనెంట్‌కి పాత గుర్తింపే ఉంచే సెట్టింగ్. అది పెట్టకుండా డీఎల్ఎల్ (కాంపోనెంట్ ఉండే ఫైలు) మళ్లీ కంపైల్ చేస్తే వీబీ దానికి లోపల కొత్త నంబర్లు వేస్తుంది, పాత నంబరు పట్టుకుని వెతికే 11 మెషీన్ల మీదా పొద్దున్నే ఎర్రర్ 429, ఆబ్జెక్ట్‌ని తయారు చెయ్యలేను అని. సీజన్లో, షాపు ముందు ట్రాక్టర్లు ఆగి ఉండగా, ఫ్లాపీ పట్టుకుని 11 మెషీన్లూ తిరిగా. మూడో మెషీన్ దగ్గర ఫ్లాపీ చెడింది. ఇంక ఆ సెట్టింగ్ జన్మలో మర్చిపోలేదు.

అన్నీ దెబ్బలే అని కాదు. 2005 ఏప్రిల్ 1న రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది. వ్యాపారులంతా గగ్గోలు, సాఫ్ట్‌వేర్లు రాసినవాళ్లకి నిద్రల్లేవు. నాకు మాత్రం పన్ను లెక్క ఒకే ఒక్క కాంపోనెంట్‌లో ఉంది, సర్వర్ మీద. లోపల మార్చా, బయటికి కనిపించే మెథడ్లు ముట్టుకోలా, ఒక్క డీఎల్ఎల్ మార్చి టీ తాగా. స్క్రీన్లున్న మెషీన్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆబిడ్స్ భయ్యాకి ఇచ్చిన 220 ఆ రోజుతో వడ్డీతో సహా వసూలు.

ఇప్పుడు మా ఆఫీసులో కుర్రాళ్లంతా మైక్రోసర్వీసులు అంటారు, ప్రోగ్రాంని చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టి నెట్‌వర్క్ మీద మాట్లాడించడం. మొన్న ఒకబ్బాయి ఆర్డర్ల పేజీ ఎందుకు మెల్లిగా వస్తుందో చూడమన్నాడు, చూస్తే ఒక్కో ఆర్డర్‌కి కస్టమర్ సర్వీస్‌ని విడిగా పిలుస్తున్నాడు, పేజీలో 50 ఆర్డర్లుంటే 50 సార్లు. "లోకల్‌లో, నా మెషీన్ మీద, బాగానే వస్తుంది సర్" అన్నాడు. తిడదామనుకున్నా, గోడౌన్ గుర్తొచ్చి ఊరుకున్నా.

ఇంక ఆ 30 అక్షరాల సంగతి. లిస్టు వేగంగా వస్తోందన్న సంబరంలో, పాత డేటాబేస్‌లో పేరు కాలమ్ 60 అని నేను చూసుకోలా. నా మూటలో 30. కాబట్టి ఎవరైనా ఒక కస్టమర్‌ని తెరిచి, లిమిటో ఇంకేదో మార్చి సేవ్ కొడితే, పేరు 30 దగ్గర తెగి అలాగే డేటాబేస్‌లోకి వెళ్లిపోయేది. మన వైపు షాపుల పేర్లు తెలిసినవేగా, ఇంగ్లీషులో టైప్ చేస్తే దేవుడి పేరుకే పాతిక అక్షరాలు పోతాయి. మొదట దొరికింది బిల్లు మీద, "శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర ఫెర్టి". ఫెర్టిలైజర్స్‌లో మిగిలింది అంతే. ఆ షాపాయన బిల్లు పట్టుకొచ్చి గొడవ, ఈ పేరుతో బిల్లిస్తే మా ఆడిటరు ఒప్పుకోడు అని. సైజు 60 చేసి, తెగిన పేర్లు గుమాస్తా గారూ నేనూ కూర్చుని ఒక పూటంతా దిద్దాం, అన్నీ అయిపోయాయనే అనుకున్నాం.

2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఓనరు గారి దగ్గర్నుంచి ఫోన్. నాలుగైదేళ్లుగా మాటల్లేవు, "బాబూ, ఇంక రెడీమేడ్‌ది కొనేశాం, ఏమనుకోకు, పాత కస్టమర్ల లిస్టు ఒకటి అందులోకి ఎక్కించాలంట" అన్నారు. వెళ్లా. ఆ సర్వర్ ఇంకా ఉంది, మీద దుమ్ము, పక్కన అగరొత్తుల స్టాండ్. లిస్టు ఎక్సెల్‌లోకి తీసి ఇస్తే వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్‌లో కిందికి తోసుకుంటూ వెళ్తున్నాడు, ఎంబీఏ చేసి వచ్చాడట. ఒకచోట ఆగాడు.

"అంకుల్, ఈ ఫెర్టీ అంటే ఎవరు? నలుగురున్నారు, అందరూ ఒకే ఫ్యామిలీనా?"