పదో మాట ఎవరిది?

"నీ జనులను రక్షింపుము, నీ స్వాస్థ్యమును ఆశీర్వదింపుము, వారికి కాపరివై నిత్యము వారిని ఉద్ధరింపుము."

దావీదు కీర్తనల్లో 28వ కీర్తనకు ఇది చివరి వచనం. ఇక్కడ స్వాస్థ్యము అంటే ఆరోగ్యం కాదు, దేవుడి సొత్తయిన జనం. హెబ్రీ మూలంలో లెక్కపెడితే సరిగ్గా పది మాటలు. యూదుల సమాజ మందిరాల్లో ఈ వచనానికి ప్రార్థనే కాకుండా ఇంకో పని కూడా ఉంది. వచ్చిన మనుషుల్ని దీంతో లెక్కపెడతారు.

యూదుల సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది ఉండాలి. దాన్ని మిన్యాన్ అంటారు. పదిమంది చేరారో లేదో చూడక తప్పదు. అయితే మనుషుల్ని వేలు చూపించి ఒకటి, రెండు అనకూడదు. దావీదు రాజు తన జనాన్ని లెక్కపెట్టిస్తే తెగులు వచ్చి డెబ్భైవేల మంది పోయారని సమూయేలు రెండో గ్రంథం చెబుతుంది. అంతకుముందే నిర్గమకాండంలో, జనసంఖ్య రాసేటప్పుడు ఒక్కొక్కరూ అరతులం వెండి ఇవ్వాలన్న కట్టడ ఉంది. అంటే తలల్ని కాదు, వెండిని లెక్కించుకోవడం. కళ్ళం దగ్గర ధాన్యం కొలిచే రైతు ఒకటి అనకుండా "లాభం" అంటాడు, ఏడు అనకుండా "ఆరున్నొకటి" అంటాడు. అలాంటి జంకే ఇదీ. అందుకని మందిరంలో ఒకరు వచ్చినవాళ్ళ వంక చూస్తూ తలకో మాట చొప్పున ఈ వచనం చదువుకుంటూ పోతారు. పదో మాటకు మనిషి దొరికితే ప్రార్థన పూర్తిగా సాగుతుంది.

ఆరుగురే వచ్చిన రోజున హెబ్రీ వచనం "నీ స్వాస్థ్యము" దగ్గర ఆగిపోతుంది. కాపరివై ఉండు, ఉద్ధరించు అనే మాటలు ఆ తరువాతవి. అవి నోట్లోనే ఉండిపోతాయి. లెక్కలో పడ్డవాడి మీద ఒక దీవెన మాట పడుతుంది. పడనివాడు గదిలోనే ఉన్నా అతని మీద ఏ మాటా పడదు. అందుకే ఆ వచనం చదివే మనిషి చేతిలో పెద్ద అధికారమే ఉంది. ఎవరి వంక చూడాలి, ఎవర్ని దాటిపోవాలి అనేది ఆ కళ్ళు తేల్చాలి.

అసలు ఈ పది ఎక్కడిది? సొదొమ పట్టణం కోసం అబ్రాహాము దేవుడితో బేరమాడి, పదిమంది నీతిమంతులుంటే చాలు అన్న చోటికి తీసుకొచ్చాడు కదా, అదేనేమో అనుకుంటాం. యూదు పండితుల చర్చలన్నీ కూర్చిన తల్మూదు గ్రంథం మాత్రం వేరే చోటికి తీసుకెళుతుంది. కనాను దేశం వేగు చూసి రమ్మని మోషే పన్నెండుమందిని పంపాడు. యెహోషువ, కాలేబు మాత్రమే ధైర్యం చెప్పారు. మిగతా పదిమంది జనాన్ని బెదరగొట్టారు. ఆ పదిమందిని ఉద్దేశించి దేవుడు "ఈ చెడ్డ సమాజము" అన్నాడు. సమాజం అన్నాడు కాబట్టి పదిమంది ఉంటే సమాజమే అని పండితులు తేల్చారు. చెడ్డవాళ్ళ నుంచి పుట్టిన లెక్క ఇది! పాపాలకు క్షమాపణ వేడుతూ ఉపవాసముండే యోం కిప్పూర్ పండుగ రాత్రి ప్రార్థన మొదలయ్యే ముందు కూడా, అతిక్రమం చేసినవాళ్ళతో కలిసి ప్రార్థించడానికి అనుమతి ఉందని పెద్దలు బిగ్గరగా ప్రకటిస్తారు. ధూపద్రవ్యాల్లో గాల్బనం అనే దుర్వాసన బంకను కూడా కలపమని దేవుడు చెప్పాడు కాబట్టి, పాపులు లేని ఉపవాసం ఉపవాసమే కాదని తల్మూదులో ఒక మాట ఉంది.

మనిషి గుణం విషయంలో ఇంత వెసులుబాటు ఇచ్చిన సంప్రదాయం ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నిలబడింది. పదిమంది అంటే పదమూడేళ్ళు నిండిన మగవాళ్ళు. ఛాందస శాఖల్లో ఇప్పటికీ అంతే. ఈ నియమం అన్నిటికన్నా ఎక్కువగా నొప్పించేది చావు దగ్గర. తల్లో తండ్రో పోతే పదకొండు నెలలు కాదిష్ చెప్పాలి. అరమాయిక్ భాషలో ఉండే ఆ ప్రార్థనలో చావు ఊసే ఉండదు, అంతా దేవుని నామానికి స్తుతి. కానీ ఒంటరిగా చెప్పడానికి వీల్లేదు, పదిమంది ఉండాలి. తలకొరివి ఎవరు పెట్టాలని తగువులు చూసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

1916లో హెన్రియెటా సోల్డ్ తల్లి చనిపోయింది. ఆమె సామాన్యురాలు కాదు. అమెరికాలో హదస్సా అనే యూదు మహిళల సంస్థను 1912లో స్థాపించిన మనిషి. కొడుకుల్లేని ఇల్లు కాబట్టి తానే కాదిష్ చెబుతానని కుటుంబ మిత్రుడు ఒకాయన ముందుకొచ్చాడు. ఆమె కృతజ్ఞత చెబుతూనే, ఒప్పుకోలేనని ఉత్తరం రాసింది. మా అమ్మకు ఎనిమిదిమంది కూతుళ్ళు, ఒక్కరైనా కొడుకు కాలేదే అని అమ్మ గానీ నాన్న గానీ బాధపడటం నేనెన్నడూ వినలేదు, ఈ పని నాది అన్నది ఆ ఉత్తరం సారాంశం. కోపం లేదు. పట్టు ఉంది.

ఇక ఢిల్లీకి వద్దాం. ఖాన్ మార్కెట్‌కు దగ్గర్లో హుమాయూన్ రోడ్డు మీద జూడా హయామ్ మందిరం ఉంది. 1956లో కట్టిన చిన్న భవనం, పక్కనే యూదుల శ్మశానం. ఢిల్లీలో స్థిరపడ్డ యూదు కుటుంబాలు పది కూడా ఉండవు. దౌత్య కార్యాలయాల వాళ్ళు, ఉద్యోగాల మీద వచ్చిన విదేశీయులు, వీపున సంచీ తగిలించుకుని తిరిగే యాత్రికులు, ఊరికే చూద్దామని వచ్చే ఇతర మతాలవాళ్ళు, వీళ్ళతోనే శుక్రవారం సాయంత్రం ఆ గది నిండాలి.

ఈ మందిరాన్ని దశాబ్దాలుగా నడిపించిన మనిషి ఎజెకీల్ ఐజాక్ మాలేకర్. వృత్తిరీత్యా న్యాయవాది, జాతీయ మానవ హక్కుల సంఘంలో పనిచేశారు. రబ్బీగా, అంటే యూదు మతగురువుగా, పట్టా పుచ్చుకున్నవారు కాదు, జీతమూ లేదు. ప్రార్థన చేయించడం, పెళ్ళి చేయించడం, అంత్యక్రియలు జరిపించడం, హెబ్రీ నేర్పడం, అడిగిన స్కూలు పిల్లలకు యూదుమతం గురించి చెప్పడం, అన్నీ ఆయనే. రాజ్‌ఘాట్‌లో సర్వమత ప్రార్థన జరిగితే హెబ్రీ ప్రార్థన వినిపించేదీ ఆయనే.

ఆయన పుణె వైపు బెనె ఇశ్రాయేలు సమాజం మనిషి. వాళ్ళ పూర్వీకులు ఓడ పగిలి కొంకణ తీరానికి కొట్టుకొచ్చారని, బతికింది ఏడు జంటలని వాళ్ళ కథ. అక్కడ గానుగ ఆడించి నూనె తీసి బతికారు. శనివారం గానుగ కట్టరు కాబట్టి చుట్టుపక్కల వాళ్ళు వీళ్ళని శనివారం తేలీలు అనేవారు, అంటే శనివారం పని మానే తెలికవాళ్ళు అన్నమాట. శుభకార్యాలప్పుడు ఏలీయా ప్రవక్త పేరున అటుకులు, కొబ్బరి, చక్కెర, పళ్ళు కలిపి మలీదా నైవేద్యం పెడతారు. ఇశ్రాయేలు రుచి, కొంకణ రుచి ఒకే పళ్ళెంలో ఉంటాయి.

మాలేకర్ తన మందిరంలో ఆడవాళ్ళని పదిమంది లెక్కలో చేర్చారు. తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, చదవడానికి కూడా వాళ్ళకు అవకాశం ఇచ్చారు. వచ్చినవాళ్ళు ఛాందసులా, ఉదారవాదులా అని ఆరా తీయరు. యూదులు కానివాళ్ళు లెక్కలో పడరు గానీ కూర్చోవడానికి అడ్డేమీ లేదు. పదిమంది మగవాళ్ళు దొరకని ఊళ్ళో ఇంకేం చేస్తారు, ఇది అవసరం నేర్పిన ఔదార్యం అని ఒకరు అనవచ్చు. అననివ్వండి. మగవాళ్ళు దొరకని ఊళ్ళు ఇంకా ఉన్నాయి, అక్కడ నియమం మారకుండా మందిరాలే మూతపడ్డాయి. తండ్రిని పోగొట్టుకున్న అమ్మాయి పరాయి ఊళ్ళో శుక్రవారం సాయంత్రం కాదిష్ చెప్పుకోవడానికి వస్తే, నువ్వు లెక్కలో లేవు, ఇవాళ కుదరదు అని ఆమె మొహం చూసి చెప్పాల్సింది నడిపించే మనిషే. ఆయన ఆ పని చేయదలుచుకోలేదు. నాకైతే ఇందులో శాస్త్రం మీద నిర్లక్ష్యం కనపడదు. కాపరివై ఉండు అన్న మాటను ఆయన దేవుడికి మాత్రమే వదిలిపెట్టలేదు.

మన దేశంలో ఈ దారికి ఆయనే మొదటివారు కాదు. బొంబాయిలో యూదు మత సంఘం 1925లో మొదలైంది. దానికి పునాది వేసింది ఒక ప్రసూతి వైద్యురాలు, జెరూషా ఝిరాద్. లండన్‌లో చదువుకుంటూ అక్కడి ఉదార యూదు సభలు చూసి వచ్చారు. తరువాత కామా ఆసుపత్రికి అధిపతి అయ్యారు, 1966లో పద్మశ్రీ అందుకున్నారు. రోజూ పురుళ్ళు పోసే మనిషికి ఆడవాళ్ళు లెక్కలో లేరంటే ఎలా మింగుడుపడుతుంది!

న్యూయార్క్‌లో 1973లో కొద్దిమంది స్వలింగ ప్రేమికులైన యూదులు శుక్రవారం ప్రార్థనకు ఒక చర్చిలో గది అడిగి తీసుకున్నారు. బేత్ సింఖాత్ తోరా అనే సభ అలా పుట్టింది. దాదాపు రెండు దశాబ్దాలు రబ్బీ లేకుండా సభ్యులే నడుపుకున్నారు. 1992లో షారన్ క్లైన్‌బామ్ మొదటి రబ్బీగా వచ్చేనాటికి ఎయిడ్స్ ఆ సభను తినేస్తోంది. సభ్యులు ఒకరి తరువాత ఒకరు పోతున్నారు. అలాంటి చోట కాదిష్‌కు పదిమందిని కూర్చడమే రబ్బీ పనిలో పెద్ద భాగం. ఆమె 2024 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు.

మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉందని చాలామందికి తెలియదు. బెనె ఎఫ్రాయిము, అంటే ప్రాచీన ఇశ్రాయేలీయుల్లో ఎఫ్రాయిము గోత్రం సంతతి, అని చెప్పుకుంటారు. కొన్ని పదుల కుటుంబాలు, మాదిగ మూలాలవాళ్ళు, ఒకప్పుడు క్రైస్తవులు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు 1980ల చివరి నుంచి వాళ్ళని కూడగట్టారు, చిన్న మందిరం కట్టారు. ఇశ్రాయేలు మత పెద్దలు వీళ్ళని యూదులుగా గుర్తించలేదు. ఎఫ్రాయిము గోత్రం మాట చరిత్ర తేల్చగలదా లేదా అనేది వేరే చర్చ. నన్ను పట్టుకునేది మరొకటి. ఊరి లెక్కలో తరతరాలుగా వెలిబడ్డ మనుషులు, ప్రపంచంలో అందరికన్నా జాగ్రత్తగా మనుషుల్ని లెక్కపెట్టే సమాజం తలుపు దగ్గరికి వెళ్ళి మమ్మల్నీ లెక్కించండి అన్నారు. ఆ తలుపు దగ్గర ఇంకా నిలబడే ఉన్నారు.

తలుపు తీయడం అంత సులువైన పనేమీ కాదు. టెక్సాస్‌లో డాలస్ పక్కన కాలీవిల్ ఉంది. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఇర్వింగ్‌కు దగ్గరే. 2022 జనవరి 15, శనివారం ఉదయం. బాగా చలి. బేత్ ఇశ్రాయేలు మందిరం తలుపు ఎవరో తట్టారు. రబ్బీ చార్లీ సైట్రన్ వాకర్ లోపలికి రానిచ్చి టీ పెట్టి ఇచ్చాడు, కూర్చోబెట్టి మాట్లాడాడు. కరోనా రోజులు కాబట్టి మందిరంలో రబ్బీతో కలిపి నలుగురే, మిగతావాళ్ళు ఆన్‌లైన్‌లో. యెరూషలేము వైపు తిరిగి ప్రార్థిస్తున్నప్పుడు రబ్బీకి వెనక నుంచి తుపాకీ క్లిక్‌మన్న చప్పుడు వినిపించింది. టీ తాగిన మనిషిదే. పదకొండు గంటలపాటు బందీలు. సాయంత్రం ఒకరిని వదిలాడు. రాత్రి రబ్బీ ఆ మనిషి మీదికి కుర్చీ విసిరి, మిగిలిన ఇద్దరితో కలిసి బయటికి పరుగెత్తాడు. బందీలు నలుగురూ బతికారు.

అబ్రాహాము ఎండవేళ గుడారపు ద్వారం దగ్గర కూర్చుని బాటసారుల్ని పిలిచాడని ఆదికాండం చెబుతుంది. వచ్చినవాళ్ళు దేవదూతలు కాబట్టి ఆ కథ హాయిగా వినిపిస్తుంది. కాలీవిల్‌లో వచ్చినవాడు దూత కాదు. ఆ టీ తప్పా ఒప్పా అని తరువాత చాలామంది వాదించారు. రబ్బీ మాత్రం ఆతిథ్యం మీద నమ్మకం వదులుకోలేదు. కాకపోతే అంతకుముందే భద్రతా శిక్షణ తీసుకుని ఉన్నాడు. ఎప్పుడు మాట్లాడించాలి, ఎప్పుడు పరుగెత్తాలి అన్నది అక్కడ నేర్చుకున్నదే తమను కాపాడిందని చెప్పాడు. నడిపించేవాళ్ళ పని గురించి నాకు ఇంత సూటిగా ఇంకెవరూ నేర్పలేదు. దీవించమని అడిగే ఆ వచనానికి హెబ్రీలో మొదటి మాట "రక్షించు". ఆ రెండూ ఒకే మనిషి చూసుకోవాలి, ఒకే తలుపు దగ్గర.

మన దేశంలోనూ 2008 నవంబరులో ముంబయిలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్ మీద జరిగిన దాడి తరువాత ఇలాంటి చోట్ల పోలీసు కాపలా తప్పడం లేదు. కాబట్టి ఢిల్లీలో శుక్రవారం ప్రార్థనకు వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే ఫోన్ చేసి సమయం కనుక్కోండి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. సంచీ తెరిచి చూపించమంటే నొచ్చుకోవద్దు. మగవాళ్ళు తల కప్పుకోవాలి, చేతిరుమాలైనా చాలు.