ఔషధే చింతయేద్విష్ణుం

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే సంతోషంతో పాటు నాకు భయం కూడా పట్టుకుంటుంది. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లు సోమవారం తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, "ఇవాళ మాత్ర వేసుకోను, ఉపవాసం చెడిపోతుంది" అంటారు. ఆ మాట ఎవరు చెప్పారో, ఎక్కడ ఉందో ఎవరూ అడగరు. ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పింది ఇదీ:

అష్టౌ తాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః
హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్

నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు. ఈ ఎనిమిదింటి వల్లా వ్రతభంగం లేదు. గురువు మాట పక్కనే మందును కూర్చోబెట్టాడు చూడండి.

ఈ శ్లోకం నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. ఒక కార్తీక సోమవారం మా అమ్మ పొద్దున అలవాటుగా షుగరు మాత్ర వేసేసుకుంది. ఆ తర్వాత పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మధ్యాహ్నం మూడింటికి వత్తులు చేస్తూ కూర్చున్న మనిషి చేతిలో పత్తి నిలవడం లేదు. వేళ్లు వణుకుతున్నాయి. జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది. పంచదార నీళ్లు కలిపి గ్లాసు నోటి దగ్గర పెడితే పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. "ఇంకా నక్షత్రాలు రాలేదు నాన్నా" అంది. మాట ముద్దగా వస్తోంది. బతిమాలి, చివరికి కోప్పడి తాగించాను. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుందనీ, ఇంకాస్త ఆలస్యమైతే స్పృహ తప్పేదనీ డాక్టరుగారు చెప్పారు. ఆ గ్లాసులోని నీళ్లు విదురుడి లెక్కలో మొట్టమొదటివి!

విష్ణువు పదహారు నామాల స్తోత్రం మనలో చాలామంది రోజూ చదువుతారు. ఔషధే చింతయేద్విష్ణుం, భోజనే చ జనార్దనం... అందులో నిద్ర ఉంది, పెళ్లి ఉంది, యుద్ధం, అడవి, నిప్పు, కొండ అన్నీ ఉన్నాయి. ప్రాణం పోయేటప్పుడు తలుచుకోవలసిన నారాయణుడు ఎక్కడో మధ్యలో వస్తాడు. మందు వేసుకునేటప్పుడు తలుచుకోవలసిన విష్ణువు మాత్రం అన్నిటికంటే ముందున్నాడు, అన్నం కంటే కూడా ముందు. విష్ణువంటే అంతటా వ్యాపించేవాడు. గొంతు దిగిన మందు చేసే పని కూడా అదే కదా, ఒళ్లంతా వ్యాపించడం. అందుకే అక్కడ ఆ నామమే పెట్టారని నాకు అనిపిస్తుంది. పైగా ప్రాణుల దేహంలో అన్నాన్ని అరిగించే వైశ్వానరాగ్నినై ఉన్నానని గీతలో స్వామి తానే చెప్పాడు. ఆ అగ్నిలో పడే మాత్ర హవిస్సుతో సమానం కాదా? దాన్ని ఎంగిలిలా, మైలలా చూస్తే నాకు బాధేస్తుంది.

సంకల్పంలో "ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం" అంటాం. ఐశ్వర్యం కంటే ముందు ఆరోగ్యాన్ని అడుగుతాం. అడిగి తీసుకున్నదాన్ని ఆ పూజ పేరు చెప్పే పాడుచేసుకుంటే ఎలాగండీ? ఆరోగ్యమంటే పెద్ద మాటలక్కర్లేదు. తులసికోట దగ్గర కూర్చుని దీపం వెలిగించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలగాలి. కథ చివరిదాకా మనసు చెదరకుండా వినగలగాలి. అదుంటేనే కదా ఏ వ్రతమైనా!

దయచేసి కార్తీకం రాకముందే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉపవాసం సంగతి దాచకుండా చెప్పండి. ఏ మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకోవాలో రాయించుకోండి. ఉపవాసం వద్దంటే ఉపవాసమే మానేయండి, శివుడు ఏమీ అనుకోడు. కొడుకులూ కోడళ్లూ, ఆ రోజు మధ్యాహ్నం ఒక్కసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోండి.

ఇప్పుడు సోమవారాల్లో మా అమ్మ కాసిని పాలు, పండు తీసుకుంటుంది. డాక్టరుగారు మార్చి రాసిన మాత్ర అరచేతిలో పెట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది. పెదవులు కదులుతాయి. అప్పుడు మింగుతుంది. సాయంత్రం నక్షత్రాలు చూడటానికి డాబా మెట్లు తనే ఎక్కి వెళ్తుంది.