మెగ్నీషియం ఆక్సైడ్ ప్రయోగం: నా అనుభవం

ఇవాళే నా ల్యాబ్ రికార్డు మీద సంతకం పడింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మెగ్నీషియం రిబ్బన్‌ను తూచి, మూతపెట్టిన క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే చిన్న గిన్నె) కాల్చి, మిగిలిన తెల్లటి పొడిని మళ్లీ తూచాలి. పెరిగిన బరువు ఆక్సిజన్‌ది. దాన్నిబట్టి ఆక్సైడ్‌లో మెగ్నీషియం ఎంత శాతమో లెక్క తేలుతుంది. 60.3 రావాలి.

మొదటి పనుల గురించి చెప్పడానికేం లేదు. రిబ్బన్‌ను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాను. ఖాళీ క్రూసిబుల్‌ను ముందే కాల్చి, చల్లార్చి తూచాను. రిబ్బన్ 0.304 గ్రాములు. కాలుతున్నంతసేపూ మధ్యమధ్య పట్టకారుతో మూత కాస్త ఎత్తి గాలి తగలనిచ్చాను. తూకం ఇక మారదు అనేదాకా కాల్చాను. పొడి 0.484 గ్రాములు తూగింది. అంటే మెగ్నీషియం 62.8 శాతం. పొడి ఉండాల్సినదానికన్నా తక్కువ తూగిందన్నమాట.

లెక్చరర్ ఆ అంకె చూసి అందరికీ వినబడేలా, "మూత తెరిచి పొగంతా వదిలేశావు. ఆ తెల్లపొగే నీ ఆక్సైడ్. పని మీద ధ్యాస ఉంటే కదా!" అంటూ పేజీకి అడ్డంగా ఎర్రగీత కొట్టేశారు. నేను మూత ఎత్తింది గోరంత. పొగ కనబడగానే మూసేశాను. "పొగ పోలేదు సార్" అన్నాను. "మరి బరువెక్కడికి పోయింది? నువ్వే చెప్పు" అన్నారు. చుట్టూ నవ్వులు. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. చేయని తప్పుకి తల వంచుకుని నిలబడటం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

జవాబు గాలిలోనే ఉంది. గాలిలో 78 శాతం నైట్రోజన్. మూత కింద ఆక్సిజన్ తగ్గేకొద్దీ మండే మెగ్నీషియం నైట్రోజన్‌నీ పట్టుకుని నైట్రైడ్ అవుతుంది. 72.9 గ్రాముల మెగ్నీషియం 48 గ్రాముల ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, నైట్రోజన్‌నైతే 28 గ్రాములే. బరువు తగ్గక ఏమవుతుంది? 1894లో గాలిలో ఆర్గాన్ అనే వాయువు బయటపడినప్పుడు రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే గాలిలోని నైట్రోజన్‌ను తీసేయడానికి వాడింది కూడా వేడి మెగ్నీషియాన్నే. అంత పాత సంగతి మా మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. అది రాసినవాళ్లు ఒక పేరా మిగుల్చుకున్నారు, మాట పడింది నేను.

క్రూసిబుల్ ఇంకా డెసికేటర్‌లోనే (తేమ తగలకుండా ఉంచే మూతపాత్ర) ఉంది. చల్లారిన పొడి మీద కొన్ని చుక్కల డిస్టిల్డ్ వాటర్ వేసి సన్నసెగ పెట్టాను. ఘాటుగా అమ్మోనియా వాసన! తడిపిన ఎర్ర లిట్మస్ పైన పట్టుకుంటే నీలంగా మారింది. నైట్రైడ్ నీటితో కలిసి అమ్మోనియాను వదిలి హైడ్రాక్సైడ్ అవుతుంది. తర్వాత పెద్ద మంట మీద హైడ్రాక్సైడ్ నీటిని వదిలేసి ఆక్సైడ్‌గా మిగులుతుంది. ఈసారి తూకం 0.503 గ్రాములు. మెగ్నీషియం 60.4 శాతం.

రెండు తూకాలూ, లిట్మస్ కాగితమూ సార్ బల్ల మీద పెట్టాను. "పొగై పోయిన ఆక్సైడ్ నీళ్లు చల్లితే తిరిగొస్తుందా సార్?" అని అడిగాను. ఆయన అంకెలు మళ్లీ లెక్కేసుకుని మాట్లాడకుండా సంతకం పెట్టారు. నవ్వినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు నా పేజీ చూసి తమ లెక్క సరిచేసుకుంటున్నారు. నాకు గర్వంగానే ఉంది.

మీ మాన్యువల్‌లో నీళ్లు వేసే పని లేకపోతే ముందే గట్టిగా అడగండి. నీళ్లు చుక్కల్లోనే వేయాలి, మొదట సెగ తగ్గించే ఉంచాలి. లేకపోతే పొడి చిందిపోతుంది, అప్పుడు నిజంగానే బరువు తగ్గుతుంది. వాసన చూడాలంటే ముక్కు దగ్గరికి పెట్టకుండా చేత్తో గాలి ఇటు విసురుకోండి. వేడి క్రూసిబుల్‌ను త్రాసు మీద పెట్టమని ఎవరు తొందరపెట్టినా వినొద్దు. దాని చుట్టూ పైకి లేచే వేడిగాలి వల్ల అసలు కన్నా తక్కువ చూపిస్తుంది.