గడ్డపార నేర్పబోయాను

"తాత నీతో ఇలాంటి పని చేయించేవాడా, డాడీ?" అన్నాడు మావాడు. చేతిలో గడ్డపారతో నీళ్లు నమిలాను.

పెరట్లోని బండరాయిని ఇంటి ముందుకు తెచ్చి, మేపుల్ చెట్టు కింద కూర్చోవడానికి వేయాలని నా పట్టు. మాసాచుసెట్స్‌లో రాళ్లకు కరువు లేదు. మంచుయుగంలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసినవి, చలికాలం నేల గడ్డకట్టినప్పుడల్లా ఇంకా పైకి వస్తూనే ఉంటాయి. మాది రెండడుగుల గ్రానైట్ గుండు. మావాడు టేపుతో కొలిచి, లెక్క కట్టి, "మూడొందల కిలోలు" అని తేల్చాడు. మూడడుగులదైతే టన్ను దాటుతుందట! వాడి సాయం అంతవరకే. శనివారం పొద్దున రమ్మంటే, "మెషిన్ ఉన్నవాళ్లను పిలవచ్చుగా" అన్నాడు. కష్టపడటం మన సంస్కృతి అని లెక్చర్ దంచాను. దానికి జవాబే ఆ ప్రశ్న.

భువనగిరి పక్కన గుట్టల మధ్య పెరిగాను గానీ, ఒక్క బండనూ కదిలించిన పాపాన పోలేదు. ఇంటికి రాళ్లు కావాలంటే వడ్డెరవాళ్లు వచ్చేవారు. గడ్డపారలతో లేపి, కింద దుంగలు వేసి, మోకులు కట్టి లాగేవారు. నేను దగ్గరికి పోతే మంచం మీంచి బాపు, "నీకేం పనిరా ఈడ? పోయి చదువుకోపో" అనేవాడు. బరువు వాళ్లు మోశారు, ఎక్కాలు నేను చదివాను. మరి నేను మావాడికి చెప్పిన ఆ సంస్కృతి ఎవరిది?

అయినా పంతం పోలేదు. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే, నేల కింద గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి పోతారు. అది చేశాను. ఆరడుగుల గడ్డపారకు కొన నుంచి అర అడుగు దూరంలో చిన్న రాయిని ఊతంగా పెడితే మన బలం పదకొండింతలు అవుతుంది. లేచిన సందులో చెక్క దూర్చాలి గానీ వేళ్లు పెట్టకూడదు, వాలు వైపు అసలే నిలబడకూడదు. నాది యూట్యూబ్ చదువు లెండి. బండ జానెడు జరిగేసరికి నడుము పట్టేసింది.

చివరికి మెషిన్‌నే పిలిచాను. వాళ్లతో వచ్చిన కాలేజీ వయసు కుర్రాడు బండకు బెల్టు చుట్టి, గుంట తీసి, అడుగు భాగం మట్టిలోకి దిగేలా కూర్చోబెట్టించాడు. అలా పాతితేనే అక్కడే పుట్టిన రాయిలా కనిపిస్తుందట. నేను కుర్చీ వేసుకుని టీ తాగుతూ చూశాను. మావాడు మాత్రం ఆ కుర్రాడి వెనకాలే తిరిగాడు.

రాత్రి భోజనాల దగ్గర, "సమ్మర్‌లో వాళ్లతో పనికి పోతా" అన్నాడు.

"సమ్మర్‌లో నీకు మ్యాథ్ క్యాంప్ ఉంది కదా!" అనేశాను. మా ఆవిడ నవ్వాపుకోలేక కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పద్నాలుగేళ్లవాణ్ణి అలాంటి మెషిన్ల పనిలో పెట్టుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదని నెట్‌లో చూశాక ప్రాణం కుదుటపడింది. పెద్దయ్యాక మళ్లీ అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.